బ్లాక్‌చెయిన్ పాఠాలు: ఖాతా కథ చాలునా?

తార్నాక కూడలిలో మెట్రో దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు నడిచిపోయే విద్యార్థులలో బ్లాక్‌చెయిన్ అనే మాట విననివాడు నేడు అరుదు. విన్నవారిలో అది ఏమిటో చెప్పగలవాడు అంతకన్న అరుదు. ఈ రెండింటికీ నడుమ ఉన్న దూరాన్ని పూరించవలసినవి తెలుగులో వచ్చే పరిచయ వ్యాసాలు, ఉపన్యాసాలు, శిక్షణ తరగతుల నోట్సులు. అవి ఆ పని చేస్తున్నాయా అన్నదే ఇక్కడి ప్రశ్న.

హైదరాబాదుకు ఈ విషయంతో పరిచయం నిన్నటిది కాదు. బ్యాంకుల సాంకేతిక సమస్యలపై పరిశోధన చేసే మాసాబ్ ట్యాంకు దగ్గరి ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ 2017 జనవరిలోనే బ్యాంకింగు రంగంలో బ్లాక్‌చెయిన్ ఉపయోగాలపై ఒక శ్వేతపత్రం వెలువరించింది. 2018 ఆగస్టు 3 మొదలు 5 వరకు నీతి ఆయోగ్, తెలంగాణ, గోవా ప్రభుత్వాల తోడ్పాటుతో అంతర్జాతీయ బ్లాక్‌చెయిన్ మహాసభ ఈ నగరంలోనే జరిగింది. ఈ రంగపు పరిశ్రమలకు ఒక ప్రత్యేక ప్రాంతం ఏర్పరచాలన్న సంకల్పాన్ని కూడ తెలంగాణ ప్రభుత్వం ఆ సంవత్సరమే ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 నాటికే భూమి రికార్డులను ఈ పద్ధతిలో భద్రపరచే ప్రయత్నాలు మొదలుపెట్టింది. ఇంత చేరువలో ఇంత జరిగినా, ఆ శ్వేతపత్రం బ్యాంకర్లకు ఉద్దేశించినది. మహాసభ పరిశ్రమలవారికి, పెట్టుబడిదారులకు ఉద్దేశించినది. డిగ్రీ ముగించి తార్నాకలో అద్దె గదిలో ఉంటూ చదువుకొనే కుర్రవాడికి మిగిలింది తెలుగు పరిచయ పాఠం ఒక్కటే.

ఆ పాఠం సాధారణంగా ఇట్లా సాగుతుంది. పూర్వం ఊరి కరణం దగ్గర ఒకే ఒక ఖాతా పుస్తకం ఉండేది. కరణం దిద్దితే అడిగే దిక్కు లేదు. దానికి బదులుగా ఊళ్ళో ప్రతి ఇంట్లోను అదే పుస్తకానికి ఒక నకలు ఉన్నదనుకోండి. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చినా అందరూ తమ తమ పుస్తకాలలో వ్రాసుకుంటారు. ఒకడు తన పుస్తకం దిద్దుకున్నా మిగిలినవారివి దిద్దలేడు. ఇదే బ్లాక్‌చెయిన్. ఇంతటితో పాఠం ముగుస్తుంది. శ్రోతలు తల ఊపుతారు. వక్త ధరల పెరుగుదల చూపించే పటానికి వెళ్ళిపోతాడు.

ఈ కథలో అబద్ధం లేదు. లోపం మాత్రం ఉన్నది, అదీ చిన్న లోపం కాదు. వెనక బల్లమీద కూర్చున్న విద్యార్థి లేచి, "పుస్తకాలు రెండు విధాలుగా ఉంటే ఏది నిజమండీ?" అని అడిగితే, ఎక్కువమంది దగ్గర ఉన్నదే నిజం అని జవాబు వస్తుంది. "ఎక్కువమంది అని లెక్కపెట్టేది ఎవరు?" అని అతడు మళ్ళీ అడిగితే జవాబు రాదు. బిట్‌కాయిన్ అనే ఏర్పాటులో నిజంగా క్రొత్తదంటూ ఏదైనా ఉంటే అది ఈ రెండవ ప్రశ్నకు ఇచ్చిన సమాధానమే. ఖాతా కథ సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఆగిపోతుంది.

కరణం కథకన్న మన ఇళ్ళలో నడిచే చిట్టీ ఈ విషయానికి దగ్గరగా ఉంటుంది. ఒక వీధిలో ఇరవైమంది స్త్రీలు నెలకు ఐదువేల రూపాయల చొప్పున లక్ష రూపాయల చిట్టీ వేసుకున్నారు. నెలకొకమారు పాట. ఎక్కువ తగ్గించి పాడినామె ఆ నెల చిట్టీ ఎత్తుకుంటుంది. పాటకు ఇరవైమందీ ఒకే గదిలో కూర్చుంటారు గనుక చిట్టీ నడిపే ఆమె ఒకే నెల సొమ్మును ఇద్దరికి చూపించి మోసం చేయలేదు. ఎదుట పందొమ్మిది జతల కళ్ళున్నాయి. ఒకే సొమ్మును రెండుమార్లు ఖర్చుపెట్టడమన్నది డబ్బును అంకెల రూపంలో పంపుకోవడంలో ఉన్న అసలు చిక్కు. కాగితపు నోటు ఒకరి చేతికి ఇస్తే మన చేతిలో ఉండదు. అంకెకు ఎన్ని నకళ్ళైనా తీయవచ్చును. కాబట్టి ఏ సొమ్ము ముందు ఎవరికి వెళ్ళిందో చూచే సాక్షి ఒకడు కావాలి. మామూలుగా ఆ సాక్షి బ్యాంకు. చిట్టీలో ఆ సాక్ష్యం గది నిండా ఉన్న జనానిది.

ఇప్పుడు ఆ ఇరవైమంది ఒక గదిలో చేరే వీలు లేదనుకుందాం. ఉత్తరాల మీద పాట జరుపుతున్నారు. ఉత్తరాలు ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుసలో అందుతాయి. ఎవరి పాట ముందు వచ్చిందో తగవు పడితే ఓట్లు తీసుకోవచ్చును. అందరూ ముఖపరిచయం ఉన్నవారే గనుక ఓట్లు లెక్కించడం సులభం. ఒక్క మెట్టు ఇంకా ముందుకు వెళ్ళాలి. సభ్యులెవరో ఎవరికీ తెలియదు, ఎవరైనా ఎప్పుడైనా చేరవచ్చును, పేర్లు ఉత్తుత్తివి. అప్పుడు ఒక మోసగాడు ముప్ఫై పేర్లతో ముప్ఫై ఉత్తరాలు వ్రాసి, ముప్ఫై ఓట్లు వేయగలడు. మనిషికొక ఓటు అన్న సూత్రం అపరిచితుల మధ్య పనికిరాదు. ఓటు వేయడానికి ఏదో ఒక ఖర్చు పెట్టించాలి. పేర్లు ఉచితం కావచ్చునుగాని ఖర్చు ముప్ఫై రెట్లు కాక తప్పదు. ఈ మెట్టు చెప్పని పాఠం చిట్టీ పాఠమేగాని బ్లాక్‌చెయిన్ పాఠం కాదు.

ఈ దృష్టితో మూలపత్రాన్ని చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. సతోషీ నకమోటో అన్న పేరుతో, ఆ పేరు వెనక ఉన్నది ఎవరో నేటికీ తేలలేదు, 2008 అక్టోబరు 31న వెలువడిన ఆ పత్రం కేవలం తొమ్మిది పుటలు. అందులో బ్లాక్‌చెయిన్ అన్న మాట ఎక్కడా లేదు. బ్లాకుల గొలుసు అన్న అర్థం వచ్చే మాటలున్నాయిగాని ఆ సమాసం తరువాతివారిది. ధర పెరుగుతుందన్న ప్రలోభమూ లేదు. ఒకే సొమ్మును రెండుమార్లు ఖర్చుపెట్టడం అన్న చిక్కుతోనే పత్రం మొదలవుతుంది. దాన్ని విప్పడంతోనే ముగుస్తుంది. ఓటు మనిషికి కాదు, గణన చేసే యంత్రశక్తికి అన్న నిర్ణయం పత్రం నడుమ ఎట్టి మరుగూ లేకుండా చెప్పబడింది. తెలుగు పాఠాలు దాచిపెట్టిన మెట్టు మూలంలో మొదటి సగంలోనే కనిపిస్తుంది.

పత్రం చివర ఇచ్చిన ఆధారాలు ఎనిమిదే. వానిలో మూడు హేబర్, స్టోర్నెట్టా అనేవారి రచనలు. ఒక దస్తావేజు ఫలానా తేదీకి ముందే ఉన్నదని, తరువాత దిద్దబడలేదని ఋజువు చేయడం ఎట్లా అన్నది వారు 1991లో ఎత్తుకొన్న ప్రశ్న. ప్రతి దస్తావేజుకు గణితరీత్యా ఒక గుర్తుసంఖ్య కట్టి, దాన్ని ముందటి గుర్తుసంఖ్యతో కలిపి ముడివేసుకుంటూ పోవాలన్నారు. ఈ పద్ధతి నడిపిన సంస్థ 1995 నుండి వారం వారం ఆ సంఖ్యను న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా వేయించేది. అచ్చుపడి ఊరంతా పంచబడిన పత్రికను ఎవరు దిద్దగలరు? బిట్‌కాయిన్ పుట్టడానికి పదమూడేళ్ళ ముందే గొలుసు ఉన్నది, నలుగురిలో ప్రకటించడమూ ఉన్నది. లేనిదల్లా అపరిచితుల ఓటు. దానికి కావలసిన ఖర్చు అనే ఉపాయం, పనికిరాని ఉత్తరాలను అరికట్టడం కొరకు ఆడం బ్యాక్ 1997లో రూపొందించిన హాష్‌క్యాష్ పద్ధతినుండి వచ్చింది. ఎనిమిదింటిలో చివరిది ఫెల్లర్ వ్రాసిన సంభావ్యతా గ్రంథం, 1957 నాటి కూర్పు. గణాంకశాస్త్రం చదివే విద్యార్థులకు సుపరిచితమైన పుస్తకం.

అయితే మూలపత్రం లోపరహితమని కాదు. క్రొత్తవాడికి అది కొన్నిచోట్ల నిర్దయగా ఉంటుంది. హాష్ అంటే ఏమిటో తెలుసునని అనుకొని ముందుకు సాగుతుంది. యంత్రశక్తిలో సగానికి మించినది నిజాయితీపరుల చేతిలో ఉంటే చాలునని నమ్ముతుంది. సగంకన్న తక్కువ శక్తి కలవారు కూడ తాము కట్టిన బ్లాకులను కొంతసేపు దాచిపెట్టి, ఇతరుల శ్రమను వ్యర్థం చేసి, తమ వాటాకు మించి సంపాదించవచ్చునని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇట్టాయ్ ఎయల్, ఎమిన్ గూన్ సైరర్ 2013లో చూపినారు. మూలపత్రం ఈ సంగతి ఊహించలేదు.

హాష్ సంగతి నల్లబల్ల మీద చెప్పవచ్చును. తెలుగు పాఠాలలో ఒక్కదానిలోనైనా ఒక లెక్క ఉంటే ఎంత బాగుండును! ఉదాహరణకు ఈ నియమం పెట్టుకుందాం: ముందటి శేషాన్ని 10తో గుణించి, క్రొత్త మొత్తాన్ని కలిపి, 97తో భాగించి శేషం వ్రాయాలి. మొదట శేషం సున్న. ఖాతాలో వరుసగా 500, 300, 750 రూపాయల పద్దులున్నాయి. 500ను 97తో భాగిస్తే శేషం 15. తరువాత 150కి 300 కలిపితే 450, శేషం 62. తరువాత 620కి 750 కలిపితే 1370, శేషం 12. ఈ 12 అన్న చివరి సంఖ్యను గోడమీద వ్రాసిపెట్టినాము. ఎవడో మొదటి పద్దును 600గా దిద్దినాడనుకోండి. శేషాలు 18, 92, 21 అవుతాయి. గోడమీద 12 ఉన్నది, పుస్తకం 21 అంటున్నది. మొదటి పుటలో చేసిన దిద్దుబాటు చివరి పుటలో పట్టుబడింది. గొలుసు అంటే ఇంతే.

ఇంతలో చురుకైన విద్యార్థి ఒకడు, 500 తీసివేసి 597 వ్రాస్తే శేషం మళ్ళీ 15 వస్తుంది గదా అంటాడు. నిజమే! 97 రూపాయలు దొంగిలించినా గోడమీది సంఖ్య మారదు. అందుకనే భాగహారపు శేషంవంటి సులభమైన నియమం పనికిరాదు. అదే ఫలితం ఇచ్చే మరొక పద్దును వెదకి పట్టుకోవడం ఆచరణలో అసాధ్యమయ్యే నియమం కావాలి. బిట్‌కాయిన్‌లో వాడే షా-256 అన్న నియమం అట్టిది. అది ఎంత పెద్ద లేఖకైనా 256 ద్విసంఖ్యాంకాల గుర్తు కడుతుంది. లేఖలో ఒక్క అక్షరం మారితే గుర్తులో సుమారు సగం అంకాలు మారిపోతాయి.

ఓటుకు ఖర్చు పెట్టించడం కూడ ఈ నల్లబల్ల మీదనే తెలుస్తుంది. పుట చివర ఇష్టం వచ్చిన సంఖ్యనొకదాన్ని కలుపుకోవచ్చును, కాని శేషం 5కు తక్కువ రావాలి అని షరతు పెట్టినామనుకోండి. మన చిన్న నియమంలో 1370కి 85 కలిపితే 1455, శేషం సున్న; వెంటనే తేలిపోతుంది. షా-256లో ఇట్లా ఎదురు లెక్క కట్టడానికి దారి లేదు. సంఖ్యలు ఒకటొకటిగా వేసి చూడవలసినదే. పాచికకు ఆరు పడేవరకు వేస్తూ పోవడంవంటిది. పడిందా లేదా అని సరిచూడడం క్షణంలో పని, పడవేయడం మాత్రం కష్టం. ముందుగా పడవేసినవాడి పుట ఖాతాలో చేరుతుంది, అతడికి బహుమానం దక్కుతుంది. ఆ బహుమానం 2009లో పుటకు 50 నాణేలు. ప్రతి 2,10,000 పుటలకు ఒకమారు సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కు దిగింది. సుమారు పది నిమిషాలకొక పుట వచ్చేట్లు, ప్రతి 2016 పుటలకు ఒకమారు షరతు బిగుస్తుంది లేక సడలుతుంది. ఈ పాచికలాటకు ప్రపంచమంతటా కాలుతున్న విద్యుచ్ఛక్తి ఏటా 10,000 కోట్ల యూనిట్లకు మించునని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంవారి అంచనా. అపరిచితుల మధ్య ఓటుకు కట్టిన ధర అది. ఈథీరియం అనే మరొక వ్యవస్థ 2022 సెప్టెంబరులో పాచికలాట మానివేసి, ధరావతు కట్టినవారికే ఓటు అన్న పద్ధతికి మారింది. విద్యుత్తు ఖర్చు నూటికి తొంభైతొమ్మిది పాళ్ళకు మించి తగ్గిపోయింది.

ఇక మాటల సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయంతోపాటు 1917లో ఏర్పడిన అనువాద విభాగం పాశ్చాత్య శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. అక్కడి పండితులు ఒక్కొక్క పారిభాషిక పదంపై సంఘాలు కూర్చి చర్చించేవారు. పదనిర్మాణ పద్ధతిపై వహీదుద్దీన్ సలీం 1921లో ఒక గ్రంథమే వ్రాసినాడు. ఆనాటి పదాలన్నీ నిలిచినాయని కాదుగాని, పదాన్ని అచ్చువేసే ముందు నలుగురూ కూర్చుని వాదించడమన్నది ఈ ఆవరణకు క్రొత్త కాదు. బ్లాక్‌చెయిన్ విషయంలో అటువంటి వాదం జరుగలేదు. తోచినవాడు తోచిన మాట వాడుతున్నాడు.

మైనింగును గని తవ్వకం అంటున్నారు. అక్కడ తవ్వబడేది ఏమీ లేదు. ఆ మాట విన్న క్రొత్తవాడు నాణేలు ఎక్కడో భూగర్భంలో ఉన్నట్లు, పోటీలో పాల్గొనే యంత్రాలు వాటిని వెలికితీస్తున్నట్లు ఊహిస్తాడు. నిజానికి ఆ యంత్రాలు చేస్తున్న పని ఖాతా వ్రాసే హక్కు కొరకు పాచికలు వేయడం. వాలెట్‌ను సంచి, పర్సు అంటున్నారు. అందులో డబ్బు ఉండదు. ఖాతాలోని మొత్తాన్ని మరొకరికి వ్రాసి ఇవ్వడానికి కావలసిన రహస్య సంఖ్య మాత్రమే ఉంటుంది. తాళంచెవి అంటే సరిపోతుంది; పోగొట్టుకుంటే మారుచెవి చేసే కమ్మరి లేడన్న సంగతి కూడ దానితోనే స్ఫురిస్తుంది. క్రిప్టో కరెన్సీని గుప్తధనం అనడం మరీ వింత. బిట్‌కాయిన్ ఖాతాలో ప్రతి పద్దు ప్రపంచంలో ఎవరైనా చదువవచ్చును. అక్కడ గుప్తలేఖన శాస్త్రం చేసే పని దాచడం కాదు, సంతకం పెట్టడం.

అన్నిటిలోను విచిత్రమైనది గొలుసుకట్టు అన్న మాట. పాత దస్తావేజులలో కరణాలు కలం ఎత్తకుండా వ్రాసిన వ్రాతను గొలుసుకట్టు అనేవారు. ఆ అర్థంలో అది ఖాతాకు దగ్గరిదే. కాని నేటి తెలుగువాడికి గొలుసుకట్టు అనగానే తోచేది ఇద్దరిని చేర్చు, ఆ ఇద్దరు నలుగురిని చేర్చుతారు అన్న గొలుసుకట్టు వ్యాపారం. పాపం అనువాదకుడు ఏ దురుద్దేశమూ లేక ఎన్నుకొన్న ఈ పదంలో హెచ్చరిక ఒకటి తనంత తానే వచ్చి కూర్చున్నది. బ్లాక్‌చెయిన్ అనే మాటనే ఉంచుకోవడం ప్రస్తుతానికి మేలు. రైలు, టిక్కెట్టు తెలుగులో ఇమిడినట్లు అదీ ఇముడుతుంది.

అపరిచితుల ప్రశ్నను పాఠంలోనుండి తీసివేస్తే కలిగే నష్టం పండిత చర్చకు సంబంధించినది మాత్రమే కాదు. ఖాతా కథ ఒక్కటే విన్నవాడు మూడు వేర్వేరు వస్తువులను ఒకటిగా చూస్తాడు. మొదటిది బిట్‌కాయిన్. రెండవది ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు పెట్టుకొనే బ్లాక్‌చెయిన్. మూడవది శుద్ధ మోసం.

రెండవదానికి ఉదాహరణ మన దగ్గరే ఉన్నది. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ చిట్‌ఫండ్ సంస్థల పర్యవేక్షణకు టీ-చిట్స్ అనే బ్లాక్‌చెయిన్ ఆధారిత ఏర్పాటును ప్రవేశపెట్టింది. చిట్టీ పాట వివరాలు తరువాత దిద్దడానికి వీలులేకుండా ఉండడం చందాదారుకు మేలే. కాని 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చిట్టీ నడిపేవాడు ఎవరో, చందాదారులు ఎవరో, రిజిస్ట్రారు ఎవరో అందరికీ తెలుసు. అపరిచితులు లేరు. కాబట్టి పాచికలాట అక్కరలేదు, నాణెమూ అక్కరలేదు. హేబర్, స్టోర్నెట్టాలు 1991లో చెప్పిన గొలుసు, దానిపై తగిన సంతకాలు, నకళ్ళు వేర్వేరు చేతులలో ఉండడం, ఈ మూడు చాలు. ఇందులో మూడవదే ప్రాణం. నకళ్ళన్నీ ఒకే కార్యాలయపు యంత్రాలలో ఉంటే అది కరణం పుస్తకానికి క్రొత్త అట్ట వేయడమే అవుతుంది. ఏ ప్రభుత్వ బ్లాక్‌చెయిన్ గురించి విన్నా విద్యార్థి అడుగవలసిన మొదటి ప్రశ్న నకలు ఎవరెవరి దగ్గర ఉన్నదని.

భూమి రికార్డుల విషయంలో రెండవ ప్రశ్న కూడ పుడుతుంది. సర్వేయరు హద్దు తప్పుగా కొలిచి ఎక్కిస్తే బ్లాక్‌చెయిన్ ఆ తప్పును ఎంతో నమ్మకంగా కాపాడుతుంది. పద్దు దిద్దబడలేదని అది చెప్పగలదు, పద్దు నిజమని చెప్పలేదు. బిట్‌కాయిన్‌కు ఈ బాధ లేదు. ఎందుచేతనంటే అక్కడ ఖాతాకు బయట వస్తువేదీ లేదు, ఖాతాయే వస్తువు. భూమి అట్లా కాదు. పొలం గట్టు బయట ఉన్నది, ఎండలో ఉన్నది. ఈ భేదాన్ని ఖాతా కథ చెప్పదు. చెప్పనందువల్ల బ్లాక్‌చెయిన్‌లో ఉంటే నిజమే అన్న మూఢవిశ్వాసం పుడుతుంది.

మూడవదానికి వన్‌కాయిన్ సాక్ష్యం. 2014లో రుయా ఇగ్నటోవా మొదలైనవారు ప్రారంభించిన ఈ వ్యాపారం తనకొక బ్లాక్‌చెయిన్ ఉన్నదని చాటుకొన్నది. బయటివాడు సరిచూడదగిన గొలుసేదీ లేదు. ధరను సంస్థే నిర్ణయించి ప్రకటించేది. సుమారు 400 కోట్ల డాలర్లు ప్రజలనుండి వసూలు చేసినట్లు అమెరికా ప్రభుత్వ న్యాయవాదులు చెప్పినారు. ఇగ్నటోవా 2017 అక్టోబరులో అదృశ్యమైంది. సహవ్యవస్థాపకుడు గ్రీన్‌వుడ్‌కు 2023లో ఇరవై సంవత్సరాల శిక్ష పడింది. మన దేశంలోనూ 2017లో నవీ ముంబై పోలీసులు ఈ వ్యాపారపు సభపై దాడిచేసి కొందరిని నిర్బంధించినారు. గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉన్నది. వన్‌కాయిన్ వారు నేరుగా నాణేలు అమ్మినట్లు చెప్పుకోలేదు. వారు అమ్మినది విద్య! పాఠాల మూటకొక ధర, ఆ మూటతోపాటు నాణేలు, మరొకరిని చేర్పించిన విద్యార్థికి కమిషను. బ్లాక్‌చెయిన్ నేర్చుకుంటున్నామన్న నమ్మకంతోనే జనం మోసపోయినారు. ఆ పాఠాలు ఏ పాటివైనా, నకలు నాకు ఇవ్వండి, మొదటి పుటనుండి లెక్క నేనే సరిచూసుకుంటాను అన్న ఒక్క కోరికను మాత్రం వానిని చదివినవారికి నేర్పలేదు. బిట్‌కాయిన్ ఖాతా మొత్తం నేడు 600 గిగాబైట్లకు పైబడి ఉన్నది. దాన్ని ఎవరి అనుమతీ లేకుండా ఇంటి కంప్యూటరులోకి దింపుకొని, 2009 జనవరి 3 నాటి మొదటి పుటనుండి ఈనాటివరకు సరిచూడవచ్చును. బిట్‌కాయిన్ ధర రేపు ఏమవుతుందో దానివల్ల తెలియదుగాని, గొలుసు ఉన్నదో లేదో తెలుస్తుంది.

కాబట్టి నలుగురిలో నేర్చుకోవడం అన్న పద్ధతిని గురించి కూడ ఒక మాట చెప్పక తప్పదు. ఈ మధ్య క్రొత్తగా నేర్చుకొనేవారు తమ చదువును దినదినం పదిమందికి చెబుతూ సాగడం పరిపాటి అయింది. ఇందులో రెండు తెగలున్నాయి. ఒక విద్యార్థి సాయంకాలం లాండ్‌స్కేప్ గార్డెన్ దగ్గర నలుగురు స్నేహితులను కూర్చోబెట్టుకొని 97తో భాగహారం చేసి చూపుతాడు. 597 ఎందుకు కాకూడదని ఒకడు అడుగుతాడు. చెప్పేవాడు తడబడతాడు, మరునాడు షా-256 చదువుకొని వస్తాడు. ఈ తడబాటుకు ఖరీదు లేదు, లాభం చాలా ఉన్నది. మరొక విద్యార్థి పదిరోజులు పాఠాలు విని పదకొండవ రోజున తానే గురువవుతాడు. తాను కొన్నది ఏమిటో చెబుతాడు, తన ద్వారా చేరితే ఎంత కలిసివస్తుందో చెబుతాడు. ఇతడి తప్పుకు వెల కట్టేది వినేవాడు. వినేవాడు చాలాసార్లు పక్క గది స్నేహితుడు, లేక ఊరినుండి ఫీజు డబ్బు పంపిన అన్న. ఈ ఇద్దరినీ ఒకే గాటను కట్టి, యువకులు స్వయంగా నేర్చుకుంటున్నారని మెచ్చుకోవడం సరికాదు.

ఈ రెండవవాడు చెప్పని లెక్క మరొకటి ఉన్నది. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుండి ఇట్టి ఆస్తులపై వచ్చిన లాభానికి 30 శాతం పన్ను. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొక నాణెపు లాభంలో తీసివేసుకొనే వీలు లేదు. 2022 జూలై నుండి ప్రతి బదిలీపై 1 శాతం మూలంలోనే కోత. బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలు అందించరాదని 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వును సుప్రీం కోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. అంతమాత్రాన ఇవి చట్టబద్ధమైన చెలామణి డబ్బు కాలేదు. పన్ను వేయడం వేరు, నాణెంగా గుర్తించడం వేరు.

మొదటి విద్యార్థికి మాత్రం మూలపత్రంలోనే మంచి అభ్యాసం ఒకటి కాచుకొని ఉన్నది. మోసగాడి చేతిలో మొత్తం యంత్రశక్తిలో పదోవంతు ఉన్నప్పుడు, ఆరు పుటలు గడిచిన తరువాత అతడు వెనకబడిన గొలుసును అందుకొని పాత పద్దును మార్చగల సంభావ్యత 0.0002428 అని పత్రంలోని పట్టిక చెబుతుంది. సంభావ్యత వెయ్యింట ఒకటికి తగ్గాలంటే పదోవంతు శక్తి కలవాడి విషయంలో 5 పుటలు, నూటికి 30 పాళ్ళు కలవాడి విషయంలో 24 పుటలు, 45 పాళ్ళు కలవాడి విషయంలో 340 పుటలు వేచి ఉండాలి. సగం దాటితే ఎంతకాలం వేచినా లాభం లేదు. ఇదంతా ఫెల్లర్ గ్రంథంలోని జూదరి పతనం సమస్య. ఎమ్మెస్సీ గణాంకశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే.

అయితే నకమోటో ఇక్కడ ఒక ఉజ్జాయింపు చేసినాడు. నిజాయితీపరులు ఆరు పుటలు కట్టడానికి పట్టిన కాలాన్ని స్థిరమైన సగటుగా తీసుకొని, మోసగాడి పుటలకు పాయిసాన్ విభాజనం వాడినాడు. ఆ కాలం కూడ యాదృచ్ఛికమే గనుక ఋణ ద్విపద విభాజనం వాడవలె. మేనీ రోసెన్‌ఫెల్డ్ అనే పరిశోధకుడు ఆ విధంగా కట్టి చూపినాడు. అప్పుడు అదే సంభావ్యత సుమారు 0.00059, అనగా మూలపత్రంలోని అంకెకు రెండింతలకు మించి వస్తుంది. రెండు సూత్రాలూ పక్కపక్కన వ్రాసి, ఏ పదం దగ్గర అవి విడిపోయినవో చూపడానికి ఒక నల్లబల్ల, ఒక మధ్యాహ్నం చాలు.